కడబంతి

కూర అడుగంటకుండా కలుపుతూనే ఆమె ఒక చెవి హాల్లో పడేసింది. ఆదివారం ఆరాధన ముగిసి, భోజనాలకు ముందు అక్కడ వాక్యం చెబుతున్నది ఆమె భర్త, సంఘపెద్ద. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, సంఘంలో మాత్రం అన్నీ విడమరిచి చెబుతాడు. తొలినాటి విశ్వాసులు కూడా ఇలాగే ఒక ఇంట్లో చేరి కలిసి తినేవాళ్ళట. తీరికున్న కలిగినవాళ్ళు ముందే వచ్చి కడుపు నింపుకునేవాళ్ళట. పని తెమిలాక ఉసూరుమంటూ వచ్చిన కూలీలకు, బానిసలకు ఖాళీ గిన్నెలు మిగిలేవట. ఇది అందరూ సమానంగా కూర్చునే ప్రభువు బల్ల ఎలా అవుతుందని అపొస్తలుడు వాళ్ళను కడిగేశాడట.

"ఎప్పుడు, ఎవరితో అన్నాడో తెలిస్తేనే వాక్యం అర్థమయ్యేది. అర్థమయ్యాక చెయ్యకపోతే తెలిసీ దండగే" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. వంటింట్లో పళ్ళేలు తుడుస్తున్న అత్తగారూ, మిగతా ఆడవాళ్ళూ అన్నారు.

ఆమె అనలేదు. పెళ్ళయిన కొత్తలో, మగవాళ్ళు, పిల్లలు తిని లేచాక వంటింట్లో నిలబడి మాడు అన్నం తింటూ, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయని ఆయనతో చెప్పింది. సేవ చేసేవాళ్ళకు అక్కడే కడుపు నిండుతుందని ఆయన నవ్వాడు. మేమంతా గాలి తిని బతికామా తల్లీ, అంది అత్తగారు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పొయ్యి దగ్గర దొంగచాటుగా ముద్ద నోట్లో వేసుకోవడం నేర్చుకుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు; అందుకే తన బాధ ఏమిటో చెప్పుకోలేకపోయింది. ఇవాళ ఆయనే చెప్పేశాడు.

గిన్నెలు బల్ల మీదికి చేర్చింది. వడ్డించలేదు. మూలనున్న కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"బాగానే ఉంది. ఆకలేస్తోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడు.

"ఆగండి. అత్తయ్యా వాళ్ళూ ఇంకా పనిలోనే ఉన్నారు. రానివ్వండి."

"వాళ్ళు తరవాత తింటార్లే."

"ఇందాక మీరు చెప్పింది ఇలా తరవాత తినేవాళ్ళ సంగతే కదండీ."

ఆయన మొహం కందగడ్డయింది. గరిటె అందుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వడ్డన చప్పుడు వినబడక లోపలి ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. ముందున్న అత్తగారు కోడల్ని గదమాయించబోయి, ఆగి, బల్ల చుట్టూ చూసింది. ఆ బల్ల దగ్గర వండేవాళ్ళకని ఏనాడూ కుర్చీ వెయ్యలేదు.

"ఇంతకీ నన్నెక్కడ కూర్చోమంటావురా?" అని కొడుకుని అడిగింది.