ఆదెమ్మ ముందు పన్ను

మా పళ్ళాసుపత్రిలో చిన్న కల్వంలో వెండి పొడి, పాదరసం వేసి నూరుతుంటే, చూడ్డానికొచ్చిన అత్తయ్యగారు మురిసిపోతూ, "మా హన్నా ఇక్కడ కూడా పచ్చడే నూరుతోంది" అన్నారు. అది ఎగతాళి కాదు, ముద్దు. నేనూ నవ్వేశాను.

నేనూ మా ఆయన బాలశౌరీ హైదరాబాదులో ఒకే క్లాసులో పళ్ళ డాక్టరీ చదివాం. పెళ్ళయ్యాక బెజవాడ గవర్నరుపేటలో ఆసుపత్రి పెట్టాం. పేషెంట్లని ఆయన చూస్తారు. నేను గుణదలలో ఇంటెడు చాకిరీ ముగించి, అందరి భోజనాలూ అయ్యాక సిటీబస్సెక్కి వచ్చి, మందులు కలుపుతాను, పనిముట్లు ఉడకబెడతాను, ఆయనకి లైటు పట్టుకుంటాను. "ఇద్దరం చూస్తే ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీక జనం కంగారుపడతారోయ్" అన్నారు మొదట్లో, ఎంతో ప్రేమగా. కోపంగా అని ఉంటే దెబ్బలాడేదాన్నేమో. ప్రేమగా అనేసరికి ఏం చెప్పాలో తోచలేదు. అలా తోచకుండానే పందొమ్మిది వందల డెబ్భై ఆరు వచ్చేసింది.

ఆవేళ నేను నూరుతున్నది ఆదెమ్మ కోసం. కంకిపాడులో చేపలమ్ముతుంది. పై వరసలో ముందు పన్ను వేరు కొస కుళ్ళి, చిగురు మీద చీముపొక్కు మాటిమాటికీ లేస్తోంది. పీకేస్తే పోతుందని మా ఆయన చెబితే ఆమె ఒప్పుకోలేదు. నవ్వితేనే తన బేరం కుదురుతుందనీ, బోసినోటితో పిలిస్తే బొచ్చె చేపలు కూడా అమ్ముడుపోవనీ అంది. ఇక చిగురు కోసి, వేరు కొసని తీసేసి, మిగిలిన వేరుకి కోసిన చోట మూత పెట్టాలి. ఆ మూతకే ఈ వెండి. పలచటి చిగురు కింద వెండి పెడితే సిరా మరకలా నల్లగా కనబడుతుందనీ, జింకు పొడిని లవంగ నూనెతో గట్టిగా కలిపి పెడదామనీ ఆయనతో అన్నాను. "చేపలమ్మే మనిషి చిగుళ్ళు ఎవరు చూస్తారు హన్నా? వెండే గట్టిది" అన్నారు. వెండే నూరాను. జింకు పొడి సీసా, లవంగ నూనె కూడా ట్రేలో పెట్టుకున్నాను.

ఇంజెక్షనిచ్చి, నోరు మాత్రం కనబడేలా ఆదెమ్మ ముఖం మీద గుడ్డ కప్పాం. చిగురు కోసి, వేరు కొస తీసి, చిన్న గుంట చెయ్యడం దాకా ఆయన బాగానే చేశారు. ఆ గుంటలో వెండి పెట్టబోతే రక్తం ఊరుతూనే ఉంది. ఆయనవి లావు వేళ్ళు. వెండి జారి ఎముక సందులో పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. ఆయన నుదుటి మీద చెమట చూశాను.

"నువ్వోసారి చూడు హన్నా" అన్నారు చిన్నగా.

ఉప్పునీళ్ళతో వెండి పలుకులన్నీ కడిగేశాను. రక్తం ఆగే మందులో తడిపిన గుడ్డ పీలికని వేరు చుట్టూ కూరాను. జింకు పొడిని లవంగ నూనెలో వేళ్ళకంటనంత గట్టిగా కలిపి, సేమియాలా సన్నగా తిప్పి, కొంచెం కొంచెంగా గుంటలోకి అదిమాను. ఒక్క పలుకు కూడా జారలేదు. గదంతా పలావు వాసన. లోపల్లోపల ఎంత సంతోషంగా ఉందంటే, పాట పాడుకోవాలనిపించింది. ఇంత ఇష్టమైన పని పక్కనే నిలబడి, ఇన్నాళ్ళూ లైటు ఎలా పట్టుకున్నాను?

కుట్లేశాక గుడ్డ తీశాం. "అయిపోయిందమ్మా, నీ పన్ను కాపాడేశాను" అన్నారాయన, అలవాటుగా. నేను పనిముట్లు కడగడానికి వెళ్ళిపోయాను. నా సంతోషం సగానికి సగం తొట్టి నీళ్ళలో కరిగిపోయింది.

కుట్లు తీయించుకోవడానికొచ్చిన ఆదెమ్మ నోరారా నవ్వింది. పొక్కు లేదు, చిగురు గులాబీరంగులో ఉంది. పంటినొప్పితో బాధపడుతున్న వదినని కూడా వెంటబెట్టుకొచ్చింది. మా ఆయన రమ్మంటే ఆమె కుర్చీ వైపు నడిచింది. ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు కాదు బాబూ, అమ్మగారు చూడాల. గుడ్డ కప్పినంత మాత్రాన నా నోట్లో ఎవరి ఏళ్ళున్నాయో నాకు తెలవదా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంతలోనే పకపకా నవ్వారు. చెడ్డమనిషి కాదు. "సరే, ఈవిడొక్కదాన్నీ చూసెయ్ హన్నా" అన్నారు, నాకేదో బహుమతి ఇస్తున్నట్టు. ఆ 'ఒక్కదాన్నీ' అన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది.

"ఈవిడొక్కర్నే కాదండీ. రేపట్నుంచి నేనూ పొద్దున్నే మీతోపాటే వస్తాను. నా పేషెంట్లని నేను చూసుకుంటాను. వంట సంగతి మీరూ అత్తయ్యగారూ మాట్లాడుకోండి" అన్నాను, గొంతు పెంచకుండా.

ఆయన ఏదో అనబోయారు. నేను లైటు నా వైపు తిప్పుకుని, ఆదెమ్మ వదినగారిని నోరు తెరవమన్నాను.