ఈడ నంబరు లేని డాక్టరమ్మ

తమిళనాడు హోసూరు నుంచి రక్తం రోజూ కర్ణాటక సరిహద్దు దాటుతుంది. పెద్ద యంత్రాలు కావలసిన పరీక్షలన్నీ సాయంత్రం పెట్టెలో సర్దుకుని అత్తిబెలె మీదుగా బెంగళూరు పోతాయి. మర్నాటికి ఫలితాలు ఫోనులో వచ్చి పడతాయి. అది ఏ రాష్ట్రం రక్తమని అడిగిన పాపాన ఎవడూ పోడు. అడిగేదల్లా తేజస్విని చదువునే.

తేజస్విని తిరుపతిలో బయోకెమిస్ట్రీ ఎం.డి. చేసింది. భర్తకు హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం కాబట్టి ఇక్కడి ల్యాబులో చేరింది. ఆంధ్రాలో ఆమెకు డాక్టరుగా రిజిస్ట్రేషను నంబరుంది. తమిళనాడు నంబరు ఇంకా రాలేదు. అక్కడినుంచి ఒక కాగితం వస్తేగానీ ఇక్కడ ఇంకో కాగితం కదలదట. అందాకా ఫలితాలు చూడవచ్చు, సంతకం పెట్టకూడదు. ఆ సంతకం బద్రీనాథ్ గారిది. బెంగళూరులో చదివిన పాథాలజిస్టు, మంచివారే, కానీ సగం బతుకు హోసూరుకీ కృష్ణగిరికీ మధ్య కారులోనే గడిపేస్తారు. "కళ్ళు నీవి, చెయ్యి నాది" అని నవ్వేవారు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. ఇన్నేళ్ళు చదివింది ఇంకొకరికి కళ్ళజోడు కావడానికా అని ఒళ్ళు మండేది.

ఆ మధ్యాహ్నం ఒక రిపోర్టు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. డెంకణికోట నర్సింగ్‌హోములో ఉన్న మునిలక్ష్మమ్మది. బద్రీనాథ్ గారు సంతకం పెట్టి పంపేసి, కృష్ణగిరి మీటింగుకు బయలుదేరి పోయారు. పొటాషియం ప్రాణం మీదికి తెచ్చేటంత ఎక్కువుంది. కిడ్నీలు చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. పైగా ఆమెకు వాంతులు, విరేచనాలు. అలాంటి మనిషికి పొటాషియం తగ్గాలి గానీ పెరగడమేమిటి?

డెంకణికోటలో రక్తం తీసే టెక్నీషియన్ పవిత్రకు ఫోను చేసింది.

"రక్తం తీసి ఏం చేసినావమ్మా?"

"తీసిన వెంటనే ఐసులో పెట్టి బస్సుకిచ్చి పంపినాను మేడమ్. కాలేజీలో మాకు అట్లే నేర్పినారు."

"సెంట్రిఫ్యూజులో తిప్పి, కణాల నుంచి సీరం వేరు చేయలేదా?"

"కాలేజీలో ల్యాబు పక్క గదే కదా మేడమ్. అదంతా వాళ్ళే చూసుకుంటా ఉండిరి."

తేజస్వినికి కోపం రాలేదు, భయం వేసింది. పక్క గదికైతే ఆ పద్ధతిలో దోషం లేదు. కానీ ఇది డెంకణికోట బస్సు, పైగా దారిలో ఏనుగులు అడ్డమొస్తే ఎంతసేపు ఆగుతుందో తెలియదు. సీరం వేరు చేయని రక్తం అంతసేపు ఐసులో ఉంటే కణాల్లోని పొటాషియం బయటికి కారిపోతుంది. చూడడానికి మాత్రం ఏమీ తేడా కనిపించదు. ఆ దొంగ అంకెను నమ్మి, అసలే తక్కువున్న పొటాషియాన్ని ఇంకా దించితే గుండె ఆగిపోవచ్చు.

బద్రీనాథ్ గారు ఫోను ఎత్తలేదు. నర్సింగ్‌హోము డాక్టరు కోదండరామయ్య గారు ఎత్తారు.

"సార్, ఆ పొటాషియం నమ్మొద్దు. శాంపిల్ చెడిపోయింది."

"నువ్వెవరమ్మా? నీ నంబరు చెప్పు."

"ఈడ నంబరు లేదు సార్. ఆంధ్రాలో ఉంది."

"సంతకం పెట్టినాయన మాట వినాల్నా, నంబరు లేని నీ మాట వినాల్నా? పొటాషియం దించేదానికి ఇన్సులిన్ సిద్ధంగా పెట్టుకోనుండాను."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఫోను చేసిన ప్రతివాళ్ళ మాటా విని వైద్యం మారిస్తే రోగులు బతికినట్టే.

"నా మాట వినొద్దు సార్. ఒక్క ఈసీజీ తీయండి. పొటాషియం అంత ఉంటే అలలు మొనదేలి లేస్తాయి. లేస్తే మీ ఇష్టప్రకారం చేయండి."

ఫోను పెట్టేయలేదాయన. అవతల మంచం జరిపిన చప్పుడు, నర్సును కేకేసిన చప్పుడు వినపడ్డాయి.

"అలలు చదునుగా పడుండాయి కదమ్మా," అన్నారు కోదండరామయ్య గారు, గొంతు మారిపోయి.

పవిత్ర మళ్ళీ రక్తం తీసింది, ఈసారి సీరం వేరు చేసి పంపింది. పొటాషియం బాగా తక్కువ. మునిలక్ష్మమ్మకు ఇన్సులిన్ బదులు పొటాషియమే ఎక్కించారు. మర్నాడు లేచి కూర్చుని కాఫీ అడిగిందట.

"తప్పెవరిది?" అన్నారు బద్రీనాథ్ గారు, తిరిగొచ్చాక. ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఎవరి కాలేజీ నేర్పింది వాళ్ళు చేసినారు సార్. మీది ఒక పద్ధతి, నాది ఒకటి, ఆ పిల్లది ఇంకొకటి. రోగి మాత్రం ఒకరే."

ఆ ఆదివారమే రక్తం తీసేవాళ్ళందరినీ హోసూరు పిలిపించి, తేజస్విని అందరికీ ఒకే పద్ధతి నేర్పింది. బద్రీనాథ్ గారు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆ తర్వాత ఒక రోజు ల్యాబుకు కోదండరామయ్య గారి ఫోను వచ్చింది. బద్రీనాథ్ గారు ఎత్తారు.

"సంతకం నీదేనప్పా, చూసినాను. ఆ నంబరు లేని డాక్టరమ్మ కూడా చూసిందా?"

బద్రీనాథ్ గారు ఫోను ఆమెకిచ్చారు. సంతోషం కలగలేదంటే అబద్ధం; తేజస్వినికి కళ్ళు చెమర్చాయి. కానీ అడగాల్సింది అడిగేసింది.

"చూసినాను సార్. ఆ పొద్దు మీరు ఫోను పెట్టేసి ఉంటే ఏమయ్యేది?"

అవతల ఆయన పెన్ను తెమ్మని ఎవరినో కేకేశారు.

"ఈడి నంబరు కాగితం కోసం యాడ అడగాల్నో చెప్పమ్మా," అన్నారు. "నేనూ వచ్చి అడుగుతాను."