నలభై పుల్లల చక్రం

గంగాధరకు పెళ్ళై ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో పెళ్ళాం ముఖం చూసిన రోజులు చెప్పమంటే రెండు చేతుల వేళ్ళు కూడా పూర్తిగా అక్కర్లేదు. అలాగని ఇద్దరి మధ్య తగవేమీ లేదు. మధ్యలో ఉన్నదల్లా పాతిక మైళ్ళ రోడ్డు, ఒక మగ్గం.

అతను పెనుకొండ తాలూకా కచేరీలో గుమాస్తా. నీలావతి ధర్మవరంలో అత్తగారింట్లో ఉంది. ఆమెను పెనుకొండకు తెచ్చుకుందామంటే మామగారు, అంటే గంగాధర తండ్రి నరసప్ప మగ్గం ఆగిపోతుంది. నరసప్ప నేసే పట్టుచీరల్లో ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు. ఆ అంచు ఒక్కరి చేతుల్లో పుట్టదు. నేతగాడు గుంటలో కూర్చుని అడ్డపోగు నాడెను అటూ ఇటూ విసురుతుంటే, పక్కన పీట మీద ఇంకొకరు కూర్చుని అంచు రంగు నాడెను అందుకుని తిరిగి పంపుతుండాలి. ఇరవై ఆరేళ్ళు ఆ పీట మీద నరసప్ప భార్య రుక్మిణమ్మ కూర్చుంది. కోడలు కాపురానికి వచ్చిన మూడోరోజు లేచి, పీట తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, నీలావతిని కూర్చోబెట్టింది. ఆ ఇంటి పద్ధతి అది. కోడలు కూర్చున్నాక అత్త ఆ పీట మీద మళ్ళీ కూర్చోదు. ఎందుకు కూర్చోకూడదో ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళు చెప్పనూ లేదు.

రైలుందిగా అంటారు. ఉంది. కానీ అది గంగాధర మీద ఏదో పగబట్టినట్టే నడిచేది. శనివారం కచేరీ వదిలి అతను స్టేషనుకు పరిగెత్తేసరికి ధర్మవరం పాసింజరు కూత మాత్రమే వినబడేది. సోమవారం పొద్దున వచ్చే బండి తాసిల్దారుగారు వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాక గానీ పెనుకొండ చేరేది కాదు. ఒకసారి అలా ఆలస్యమైతే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇంకో సోమవారం ఇట్లా వచ్చినావంటే ఇకమీదట నీ ఆదివారాలన్నీ నా దగ్గరే గంగాధరా, పాత రికార్డులు సర్దుతూ ఉందువు" అన్నాడు. ఆయన అన్నమాట మీద నిలబడే రకం.

ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు నీలావతి ఓళిగ మీద నెయ్యి వేస్తూ నవ్వింది.

"మిమ్మల్ని చూస్తే ఇంటికి ఎవరో చుట్టం వచ్చినట్టు ఉండాది. ఇంకో నాలుగు నెలలు ఇట్లే పోతే ఎదురుపడినా గుర్తుపట్టను."

నవ్వుతూ అన్నదే గాని ఆ తర్వాత తల ఎత్తలేదు. గంగాధర తింటున్న ఓళిగ పక్కన పెట్టాడు. మగవాడికి ఇలాంటప్పుడే పౌరుషం పొడుచుకు వస్తుంది.

"సైకిలు కొంటాండా. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం ఈడనే ఉంటా. ఒక్కటి తప్పినా నువ్వు గోరంట్లకు, మీ పుట్టింటికి పో. ఎందుకని అడగను."

"పోతా. నేను ఊరికే అనేదాన్ని కాదు" అంది నీలావతి.

పెనుకొండలో అద్దె సైకిళ్ళే గాని అమ్మే అంగడి లేదు. కొనాలంటే హిందూపురమే. ఆ ప్రయాణానికి నరసప్ప పిలవకుండానే తయారయ్యాడు.

"కాగితాలు చూసి చూసి నీ కండ్లు వాటికే అలవాటు పడినాయి. వస్తువు చూసేది నేను" అని కండువా దులుపుకుని రైలెక్కాడు.

హిందూపురం బజారువీధిలో మొదటి అంగడికి నిలువెత్తు అద్దాలు, లోపల రేడియో పాట. అడుగు పెట్టగానే గంగాధర మనసు పారేసుకున్నాడు. ఆకుపచ్చ సైకిలు. గొలుసు చుట్టూ నిండు కవరు, ముందర డైనమో దీపం, హ్యాండిలు పిడులకు రంగురంగుల కుచ్చులు. దాని మీద ధర్మవరం వీధిలోకి దిగుతుంటే నీలావతి గడపలోకి వచ్చి చూడటం కూడా అతనికి అప్పుడే కనబడిపోయింది.

నరసప్ప కుచ్చుల వైపు చూడనైనా లేదు. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క స్పోకు పుల్లనూ వేలితో మీటి చెవి ఒగ్గి వినడం మొదలుపెట్టాడు. మగ్గం మీద పడుగు ఎక్కించాక ప్రతిరోజూ ఆయన చేసే పనే అది. వదులు పోగు, బిగువు పోగు ఆయన వేలికే తెలిసిపోతాయి.

"పెద్దాయనా, అది సైకిలు. వీణ కాదు" అన్నాడు అంగడి గుమాస్తా. ఉన్న నలుగురూ నవ్వారు. గంగాధర చెవులు ఎర్రబడ్డాయి.

"వీణ అయ్యుంటే ఇన్ని అపస్వరాలకు ఎవురూ కొనరు నాయనా" అని నరసప్ప లేచి బయటికి నడిచాడు. గంగాధర వెంట నడిచాడు గాని, సందు మలుపు తిరిగేలోపల ఆకుపచ్చ సైకిలు వైపు మూడుసార్లు వెనక్కి చూశాడు.

రెండో అంగడి సందు చివర. సగం అంగడి, సగం రిపేరు కొట్టు. గోవిందరాజులు అనే మనిషి చేతికి అంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఏ సైకిలు కావాలని అడగలేదు.

"దినామూ ఎంత దూరం పోతావప్పా?"

"కచేరీ పని మీద పల్లెలకు. ఎనిమిది మైళ్ళు, ఒక్కోదినం పది."

"ఆదివారాలు?"

"ధర్మవరం. పోను పాతిక, రాను పాతిక."

"వెనకల ఎవురన్నా కూచుంటారా?"

గంగాధర తడబడ్డాడు. నరసప్ప ఉన్నట్టుండి అంగడి పైకప్పు పరిశీలించసాగాడు.

"ఇప్పటికి ఎవురూ లేరు."

"అయినా గట్టి క్యారియరే ఏస్తా" అని గోవిందరాజులు ఒక నల్ల సైకిలు బయటికి తీశాడు. "తళుకులుండేదానికి దుడ్లు ఎక్కువ. పైగా ఆ తళుకులన్నీ నువ్వే తొక్కి మోయాల. దీనికి ఏమీ లేదు, చక్రాలుండాయి, బ్రేకులుండాయి, గంట ఉండాది."

నరసప్ప మళ్ళీ గొంతుక్కూర్చుని పుల్లలు మీటాడు. గోవిందరాజులు నవ్వలేదు. పక్కనే కూర్చుని తనూ విన్నాడు. పన్నెండో పుల్ల దగ్గర ఇద్దరూ ఒకేసారి తల ఎత్తి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోవిందరాజులు జేబులోంచి పుల్లలు బిగించే చిన్న కీ తీసి ఆ పుల్లను ఒక పావు చుట్టు తిప్పాడు. అంతే, ఇద్దరూ ఏళ్ళ తరబడి స్నేహితుల్లా మాటల్లో పడ్డారు. బేరం కన్నా కాఫీలకే ఎక్కువసేపు పట్టింది.

బయలుదేరేటప్పుడు గోవిందరాజులు చెప్పాడు: "నూరు మైళ్ళు తిరిగినాక కొత్త పుల్లలు రవంత వదులైతాయి. అప్పుడు నా దగ్గరికి పట్టుకురాండి. మీరు ముట్టుకోవాకండి."

"చూసుకునేదానికి ఆ కీ ఒకటి ఇయ్యరాదా?" అన్నాడు నరసప్ప.

మంచి అంగడి, మంచి మనిషి. చేసిన తప్పు అదొక్కటే. కీ ఇచ్చాడు.

గంగాధర హిందూపురం నుంచి పెనుకొండకు తొక్కుకుంటూ వచ్చాడు. వారమంతా పల్లెలు తిరిగాడు. శనివారం కచేరీ వదలగానే, పాసింజరు కూత వినబడుతుంటే దానివైపు చూసి నవ్వి, ధర్మవరం రోడ్డు పట్టాడు. ఎదురుగాలి లేదు. చేలల్లో దున్నుతున్నవాళ్ళు చెయ్యూపితే తనూ ఊపాడు, గంట కొట్టాడు, ఎవరూ లేనిచోట పాట కూడా పాడాడు. కొత్తచెరువులో ఆగి టీ తాగి, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాడు. నీలావతి గడపలోకి వచ్చింది. కుచ్చులు లేకపోయినా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి కడుపునిండా తిని గంగాధర వసారాలో పడుకున్నాడు. లేచేసరికి ఎండ వాలింది. పెరట్లో తండ్రి సైకిలు ముందు కూర్చుని ఉన్నాడు. నుదుటి నిండా చెమట, చేతిలో కీ.

ఏం జరిగిందంటే, నరసప్ప ఊరికే పుల్లలు మీటి చూశాడు. కొన్ని వదులుగా పలికాయి. వదులు పోగును చూస్తూ వదిలేసిన నేతగాడు ధర్మవరంలో ఉండడు. ఆయన నలభై పుల్లల్నీ వరసగా బిగించి, అన్నీ ఒకే తీరున పలికేదాకా వదలలేదు. మీటితే చెవికి ఎంతో ఇంపుగా ఉంది. తిప్పితే మాత్రం చక్రం తాగినవాడిలా అటూ ఇటూ తూలి, బ్రేకు కట్టెకు కొట్టుకుని ఆగిపోతోంది.

"అన్నీ సమంగానే ఉండాయి రా" అన్నాడు నరసప్ప బిక్కమొహంతో. "ఎందుకిట్లా తిరుగుతాందో తెలీలేదు."

ఊళ్ళో రిపేరు కొట్టతను ఏదో పెళ్ళికి పోయి మంగళవారం గాని రాడు. రేపు పొద్దున కచేరీ. ఆలస్యమైతే ఆదివారాలు తాసిల్దారువి. ఆదివారాలు పోతే నీలావతి గోరంట్లకు. గంగాధర తల తిరిగిపోయింది.

"నా పెళ్ళాన్ని నీ మగ్గానికి కట్టేసినావు. ఇప్పుడు నా సైకిలు కూడా నీ మగ్గమే అనుకుంటివా నాయనా?"

ఎనిమిది నెలలుగా లోపల దాచుకున్న కోపం అది, చక్రం ఒక సాకు. తండ్రి ముఖం పాలిపోవడం చూసి గంగాధరకు తన నాలుక కోసుకోవాలనిపించింది. కానీ మాట బయటికి వచ్చేసింది.

నీలావతి లోపలికి వెళ్ళి అంచుకు వాడే ఎర్ర పట్టు పోగు ఒకటి తెచ్చింది. సైకిలు తలకిందులు చేయమని భర్తకు చెప్పి, చక్రానికి అటూ ఇటూ ఉన్న కడ్డీలకు ఆ పోగును చక్రం అంచుకు వెంట్రుకవాసి ఎడంలో అడ్డంగా కట్టింది.

"తిప్పండి."

గంగాధర తిప్పాడు. చక్రం ఎక్కడ పక్కకు వంగితే అక్కడ పోగు కదిలింది.

"మామా, పడుగులో పోగులన్నీ ఒక పక్కకే లాగుతాయి. ఈ పుల్లలు అట్లా కాదు. సగం మీ పక్కకు లాగుతాండాయి, సగం నా పక్కకు. మీరు ఏది ఏ పక్కదో చూడకుండా అన్నీ ఒకే తీరున బిగించినారు, అందుకే చక్రం అక్కడక్కడ మీ పక్కకు వంగింది. మీరు ఆడనే కూచోండి, నేను ఈడ కూచుంటా. పోగు తగిలిన తావున మీరు రవంత వదలండి, నేను రవంత లాగుతా."

ఉన్నది ఒక్క కీ. ఆయన వదులు చేసి పుల్లల సందులోంచి ఇవతలికి అందిస్తే, ఆమె బిగించి అవతలికి అందించింది. మగ్గం మీద నాడె నడిచినట్టే కీ ఇద్దరి మధ్యా నడిచింది. "తగిలె" అని ఆమె అంటే "వదిలితి" అని ఆయన. గంగాధరకు చక్రం తిప్పడం తప్ప వేరే పని లేదు. తిప్పుతూ వాళ్ళిద్దరి చేతులూ చూశాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం జరుగుతోందో అప్పుడే మొదటిసారి చూసినట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ ఇంత పనితనానికి తాను అడ్డం పడదామని చూశానా అని సిగ్గేసింది. ఆమె లేకుండా మాత్రం ఉండలేనని అంతకన్నా గట్టిగా అనిపించింది.

పొద్దు గుంకేలోగా చక్రం తిరిగింది, పోగు కదల్లేదు.

గడపలో నిలబడి అంతా చూసిన రుక్మిణమ్మ అప్పుడు నోరు విప్పింది.

"చక్రం బాగైంది సరే, ఆ పిల్ల సంగతేమి? వచ్చే వారం నుంచి పీట మీద నేను కూచుంటా."

నరసప్ప ఉలిక్కిపడ్డాడు. "మన పద్ధతి?"

"పద్ధతి పెట్టింది మీ అమ్మ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అందుకే పీట మీదనుంచి లేచింది. నాకు మోకాళ్ళు బాగానే ఉండాయి."

నరసప్ప కీ తీసి మొలలో దోపుకున్నాడు.

"మొదలుపెట్టిన చీర నేనే ముగిస్తా అత్తా. ఇంకా రెండు గజాలుండాది" అంది నీలావతి. ఆ మాట అంటూ ఆమె భర్త వైపు చూసిన చూపుకు గంగాధర మర్నాడు పాతిక మైళ్ళూ చక్రాలు నేలకు ఆనకుండా వెళ్ళాడంటే నమ్మాలి. తాసిల్దారు వచ్చేసరికి అతను కుర్చీలో కూర్చుని కలం పట్టుకుని ఉన్నాడు.

ఆ పై సోమవారం తెల్లవారుతుండగా చీర ముగిసి మడత పెట్టి ఉంది. నీలావతి పెట్టె రైల్లో వస్తుంది. ఆమె మాత్రం గోవిందరాజులు వేసిన గట్టి క్యారియరు మీద కూర్చుంది. గంగాధర కాలు వేయబోతుంటే నరసప్ప ఆపాడు. ఎర్ర పోగు వెనక చక్రం అంచుకు ఆనీ ఆనకుండా పట్టుకుని, సైకిలును నడిపించమని, తానూ వంగి పక్కనే పది అడుగులు నడిచాడు.

"బరువెక్కినా తగల్లేదు" అన్నాడు నడుము పట్టుకుని లేస్తూ.

"నాయనా, ఆ పొద్దు నోరు జారినాను" అన్నాడు గంగాధర.

నరసప్ప మొలలోంచి కీ తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గర పెట్టుకోమ్మా. ఎప్పుడన్నా వదులైతే ఒక్కరే బిగించాకండి. చెరో పక్క కూచోండి."

సైకిలు కొత్తచెరువు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన వీధిలోనే నిలబడ్డాడు. లోపలినుంచి రుక్మిణమ్మ కేకేసింది.

"ఏమయ్యా, నాడె పట్టుకొని ఎంతసేపు కూచోవాల?"