అల్లుడుగారి ట్యూబు

అల్లుడు వస్తున్నాడంటే ఏ ఇంట్లోనైనా హడావుడి తప్పదు. ఆ రక్తపరీక్షల ల్యాబులోనూ అంతే. కాకపోతే అక్కడి అల్లుడు మనిషి కాదు, వేలెడంత ట్యూబు. ల్యాబులు సరిగా కొలుస్తున్నాయో లేదో చూడడానికి బయటి సంస్థ ఒకటి నెలనెలా దాన్ని పంపిస్తుంది. అందులోని సీరంలో, అంటే రక్తపు తేటలో, ఎ విటమిను ఎంతుందో ఆ సంస్థకు ముందే తెలుసు. ల్యాబు చెప్పిన అంకె దానికి సరిపోతే పాసు, సరిపోకపోతే పరువు తక్కువ.

ఆ ట్యూబుకు అల్లుడుగారని పేరు పెట్టింది ల్యాబు ఇన్‌ఛార్జే. పార్సిలు విప్పుతూ, "దయచేయండి బాబూ, దారిలో ఎండ తగల్లేదు కదా?" అని ఆమె పలకరిస్తే అందరూ పడీపడీ నవ్వేవారు. ఎ విటమినుకు వెలుతురు పడదు. వెలుతురులో ఉన్నంతసేపూ అది కొద్దికొద్దిగా నశించిపోతూనే ఉంటుంది. అందుకని అల్లుడుగారికి సిల్వర్ ఫాయిల్ చుట్టి, ఐసులో కూర్చోబెట్టేవారు. కిటికీలకు తెరలు దించేవారు. యంత్రాన్ని శుభ్రంగా కడిగాక, మసక పసుపు దీపం కింద ఇన్‌ఛార్జే స్వయంగా ఆ పరీక్ష చేసేది. ఫలితం ఎప్పుడూ తప్పలేదు. సర్టిఫికెట్లు గోడ మీద వరసగా వేలాడేవి.

మరి జనం ఇచ్చిన రక్తం సంగతి? ఆ ట్యూబులన్నీ ఒక స్టాండులో నిలబడి, తూర్పు కిటికీ పక్కనున్న బల్ల మీద తమ వంతు కోసం ఎదురుచూసేవి. పొద్దుటి ఎండ వాటి మీద ధారాళంగా పడేది. యంత్రం మీదికి ఎక్కేసరికి మధ్యాహ్నం దాటేది. "ఇన్నింటికి రేకులు చుడుతూ కూర్చుంటే మన పని తెల్లారినట్టే" అని ఇన్‌ఛార్జే ఒకసారి అంది. ఎవరూ కాదనలేదు. పై అధికారి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి సున్నం వేయించుకునే బళ్ళను, ఆసుపత్రులను మనం చూస్తూనే ఉన్నాం. చూసి నవ్వుకుంటాం, మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మనకు కనిపించదు.

ఇన్‌ఛార్జికి ఒక అక్క ఉంది. రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. చేతిలో పనితనం, నోట్లో దురుసుతనం సమానంగా ఉన్న మనిషి. ఆమెకు సాయంత్రాలు చూపు మసకబారుతోందంటే వాళ్ళ డాక్టరు రేచీకటేమోనని ఎ విటమిను ఎంతుందో చూపించుకోమన్నాడు. చెల్లెలి ల్యాబు ఉండగా ఇంకెక్కడికి వెళుతుంది? రక్తం ఇచ్చింది. అక్క ట్యూబు కూడా అందరి ట్యూబులతో పాటే కిటికీ పక్కన నిలబడింది. ఎ విటమిను బాగా తక్కువని వచ్చింది. డాక్టరు పెద్ద మోతాదులో బిళ్ళలు రాశాడు.

కొన్నాళ్ళకు అక్కకు పెదాలు పగిలాయి, జుట్టు ఊడసాగింది, తలనొప్పి పట్టుకుంది. మళ్ళీ పరీక్ష చేస్తే అంకె ఇంకా తక్కువే వచ్చింది. డాక్టరు మోతాదు పెంచాడు.

"ఈ మందు నాకు పడట్లేదే చిన్నీ. మింగిన దగ్గర్నుంచీ తల పగిలిపోతోంది. మానేస్తాను" అంది అక్క.

"మానేస్తే కళ్ళు పోతాయి. తక్కువుందని కళ్ళెదురుగా కనపడుతుంటే నీ తలనొప్పిని నమ్మమంటావా, నా యంత్రాన్ని నమ్మమంటావా? మా ల్యాబు అంకెకి తిరుగులేదక్కా" అని చెల్లెలు మందలించింది. పైగా రోజూ దగ్గర నిలబడి, మంచినీళ్ళు అందించి మరీ మింగించింది.

ఒకరోజు కింద పడిన కత్తెర తీయబోయి వంగిన అక్కకు ఉన్నట్టుండి చూపు మొత్తం నల్లబడింది. హుటాహుటిన కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కంటి డాక్టరు లోపలంతా పరీక్షగా చూసి ఇన్‌ఛార్జి వైపు తిరిగాడు.

"తలలో ఒత్తిడి పెరిగి కంటి నరాలు వాచాయమ్మా. ఈవిడ ఎ విటమిను బిళ్ళలేమైనా వాడుతున్నారా?"

"తక్కువుందనే వాడుతోంది డాక్టరుగారూ. మా ల్యాబులో నేనే చూశాను."

"ఎక్కువైతేనే ఇలా అవుతుంది. మొదట్లో ఈవిడకొచ్చింది చిన్న శుక్లం. దానికి ఆపరేషను చేస్తే సరిపోయేది. ముందు ఆ బిళ్ళలు ఆపండి."

వేరే ల్యాబులో చూపిస్తే అక్క ఒంట్లో ఎ విటమిను ఉండాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువగా ఉందని తేలింది. ఇన్‌ఛార్జికి ఒళ్ళు మండింది. వాళ్ళదే తప్పు, ఋజువు చేసి చూపిస్తానంటూ అక్క రక్తం రెండు ట్యూబుల్లో తీసింది. ఒకదానికి ఫాయిల్ చుట్టి ఐసులో పెట్టింది. రెండోదాన్ని మామూలుగా కిటికీ బల్ల మీద నిలబెట్టింది. మధ్యాహ్నం రెండింటినీ ఒకే యంత్రం మీద చూసింది.

ఫాయిల్ చుట్టిన ట్యూబు ఆ వేరే ల్యాబు చెప్పిన మాటే చెప్పింది. కిటికీ దగ్గరి ట్యూబు పాత మాటే చెప్పింది.

ఆమె రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుని చూసింది. యంత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, తన దాకా వచ్చినప్పుడు ఎంత మిగిలి ఉందో అంతే చెప్పింది. ఎండ తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలియకపోతే కదా! తెలిసే అల్లుడికి గొడుగు పట్టింది, తెలిసే సొంత అక్కను ఎండలో నిలబెట్టింది. తెలియక జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేకపోయిందని కుమిలిపోయింది.

అక్క తలనొప్పి తగ్గింది, జుట్టు మళ్ళీ వస్తోంది. ఎడమ కంటి చూపు మాత్రం తిరిగి రాలేదు. ఇక రాదని కంటి డాక్టరు చెప్పేశాడు. మంచం పక్కన కూర్చుని చెల్లెలు జరిగినదంతా దాచకుండా చెప్పింది.

అక్క మొత్తం వింది. తర్వాత, "నేను వద్దన్నాను కదే" అంది. ఆ ఒక్కమాటకు చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది.

"కోపంగా ఉందా అక్కా?"

"ఉండదా మరి? కన్ను పోయింది నాది. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఇది చెప్పు. ఆ కిటికీ పక్కన నా ఒక్కదాని రక్తమే ఉందా?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళంతా ఇప్పుడు కూడా మింగుతూనే ఉండుంటారు. లే, వెళ్ళు."

ఆమె నేరుగా ల్యాబు డైరెక్టరు గదికి వెళ్ళింది. పరీక్ష చేయించుకున్న వాళ్ళందరికీ కబురు చేసి, మందులు ఆపి మళ్ళీ రక్తం ఇమ్మని చెప్పాలంది. డైరెక్టరు తలుపు దగ్గరికి వేశాడు.

"మీకేమైనా మతి పోయిందా? ఒక్క నెలైనా ఫెయిలయ్యామా మనం? ఇన్ని సర్టిఫికెట్లు పెట్టుకుని, మా అంకెలు తప్పని మనమే ఊరంతా చాటుకుంటామా? ఇకనుంచి జాగ్రత్తగా ఉందాం, సరిపోతుంది."

"ఆ సర్టిఫికెట్లు అల్లుడివి సార్. జనానివి కావు. మీరు చేయకపోతే నేనే చేస్తాను, తప్పు చేసింది నేనని నా పేరుతోనే చెప్తాను."

ఆమె బయటికి వచ్చి ఫోను ముందు కూర్చుంది. పని చేసేవాళ్ళంతా చుట్టూ మూగారు. మొదటి నంబరు నొక్కబోతూ ఆగి, వాళ్ళతో ఇలా అంది:

"మనకి కొలవడం రాక కాదు ఇదంతా జరిగింది. ఎవరి ముందు మార్కులు కావాలో వాళ్ళ ట్యూబునే సరిగ్గా కొలిచాం. మన మాట నమ్మి మందు మింగేవాళ్ళ ట్యూబుని ఎండకి వదిలేశాం. తనిఖీకి చూపించే శ్రద్ధ మన పరువు కాపాడుతుందేమో గానీ, మనుషుల్ని కాపాడేది మాత్రం ఎవరూ చూడనప్పుడు చేసే పనే."