పొద్దుటి సూది

ఆసుపత్రి వార్డు చివర కుళాయి దగ్గర క్యారియర్ గిన్నెలు కడుగుతుంటే మా ఆయన వెనకాల వచ్చి నిలబడి, "ఇక నువ్వు కొట్టు మానెయ్యాలి సుబ్బులూ," అన్నాడు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. "అమ్మా నేనూ అనుకున్నాం. పిల్లకి రోజూ రెండు పూటలా సూది వెయ్యాలంటన్నారు కదా. తల్లి ఇంట్లో ఉండాలి."

నేను పప్పుగిన్నె అడుగు గోకుతూ, "పైగిన్నె మూత ఏదండీ?" అని అడిగాను.

వ్యాపారంలో నేను మొదట నేర్చుకున్న సంగతి ఇదే. అవతలివాడు మాట విసరగానే ఔననకూడదు, కాదనకూడదు. మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. సరుకు వంక చూస్తూ ఉండాలి. కాకపోతే ఈసారి బేరానికి పెట్టిన సరుకు నేనే. అనుకున్నది వాళ్ళిద్దరూ. నన్ను పిలవలేదు.

బోయిన్‌పల్లి మార్కెట్లో మాది టమాటాల టోకు కొట్టు. మదనపల్లి నుంచి లారీ వస్తుంది. మేం సరుకు దింపుకుని చిల్లర వర్తకులకు అమ్ముతాం. తెల్లవారేసరికే సగం వ్యాపారం అయిపోతుంది. బోర్డు మీద తాతారావు అని మా ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆయన కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళను పలకరిస్తాడు, టీలు తెప్పిస్తాడు, అందరికీ ఇష్టుడు. నేను లారీ వెనక నిలబడి ట్రేలు దింపిస్తాను. పై వరసలో నిగనిగలాడే కాయలు పేర్చి, కింద మెత్తబడినవి సర్దడం ఎక్కడైనా ఉన్నదే. అందుకని నేను పై వరస చూడను. పక్కనుంచి చెయ్యి దూర్చి అడుగుకాయ తీస్తాను. నా బేరం ఆ కాయతోనే మొదలవుతుంది. మామగారు పోయినప్పుడు "కొన్నాళ్ళు సాయానికి రా" అంటే వెళ్ళాను. అప్పటికి పుట్టని మా పావని ఇప్పుడు మూడో తరగతి. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తవలేదు. నేను చేసేదాని పేరు ఇంకా సాయమే.

లారీ దిగిన సరుకులో నలిగేది, కుళ్ళేది, ఎండి బరువు తగ్గేది కొంత ఉంటుంది. దాన్ని తరుగు అంటాం. తరుగు లేని వ్యాపారం లేదు. అది ఎవరి వాటాలోంచి కొయ్యాలన్నదే తగువు. మా ఇంట్లో ఆ తగువు కూడా లేదు. ఇంట్లో చుట్టం దిగితే నా నిద్ర తరుగు. కూర చాలకపోతే నా ముద్ద తరుగు. ఆయనకు జ్వరం వస్తే ఇంట్లోనూ కొట్లోనూ నేనే. నాకు జ్వరం వస్తే వంట ఆలస్యమైందని మాట. ఇన్నేళ్ళూ నేను దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడానికి ఒకటే కారణం. తెల్లవారుజామున చల్లగాలిలో ఆ లారీ వెనక నిలబడినప్పుడు నేను ఎవరి భార్యనీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. "అక్కా, ఏమంటవ్? తీసుకోవచ్చునా?" అని మీసాలున్న మగవాళ్ళు నా మొహం వంక చూస్తారు. నేను తల ఊపితేనే తీసుకుంటారు. ఆ ఒక్క లాభం కోసం మిగతా తరుగంతా భరించాను. ఇప్పుడు వాళ్ళు కోస్తామన్నది దాన్నే.

పావనికి షుగరు అని తేలినప్పటినుంచి నా గొంతు లేవడం లేదు. పిల్ల నెలరోజులుగా చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతూనే ఉంది, చిక్కిపోతూనే ఉంది. రాత్రిళ్ళు పక్క తడిపితే మా అత్తగారు కామేశ్వరమ్మ, "ఇంత గాడిద అయ్యాక పక్క తడపడమేంటే? తల్లి కొంపలో ఉంటే కదా నీకు బుద్ధులొచ్చేది," అని దుప్పట్లు నా కాళ్ళ దగ్గర పడేసేది. నేను దుప్పట్లు ఉతికాను. ఎందుకు తడుపుతోందని ఆలోచించలేదు. స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయి, ఆయాసంతో, సగం స్పృహతో ఆసుపత్రికి వచ్చిన రోజున అత్తయ్య వరండాలో అందరికీ వినపడేలా, "టమాటాలు పట్టుకుని చూస్తే తెలుస్తాది దీనికి, కన్నపిల్లను చూస్తే తెలీదు," అంది. టమాటా అడుగుకాయ తీయగలిగినదాన్ని, నా పిల్ల దగ్గర పై వరసే చూశానా?

ఈ వార్డులో పిల్లలకూ ఇంట్లోవాళ్ళకూ నేర్పే నర్సు మేబెల్ సిస్టర్. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. పావని తేరుకున్న రోజున స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, పిల్ల ఏం తింటుంది, ఏం ఆడుతుంది, సూదంటే భయపడుతుందా, అన్నీ అడిగింది. చివర్లో, "మీకేం అనిపిస్తుందమ్మా, ఈ బీమారి ఎందుకొచ్చిందని?" అంది. నేను ఏడవకూడదనుకుంటూనే ఏడ్చి, నా వల్లేనన్నాను.

"కాదు," అంది ఆమె. "మిఠాయిలు తింటే వచ్చింది కాదు, మీరు మార్కెట్‌కి పోతే వచ్చింది కాదు. లోపల ఇన్సులిన్ తయారు చేసేది పనిచేస్తలేదు, అంతే. మీరు ఇరవైనాలుగు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూసున్నా వచ్చేది."

గుండెల మీంచి గోనెబస్తా దించినట్టయింది. కళ్ళు తుడుచుకుని, "ఈ మాట మా అత్తగారి ముందు ఇంకోసారి చెప్తారా సిస్టర్?" అని అడిగాను. ఆమె పకపకా నవ్వింది. "రేపు సాయంత్రం అందర్నీ పిలవండి. ఇంటికి పంపేముందు నేర్పాలె. ఒక్కరికి నేర్పి పంపను. ఇద్దరికి రావాలె."

మర్నాడు సాయంత్రం మంచం చుట్టూ చేరాం. కుళాయి దగ్గర అనేసిన మాట అనేసినట్టే, ఆయన నిమ్మళంగా ఉన్నాడు. పావని దిండుకానుకుని కూర్చుంది. సిస్టర్ ముందుగా జబ్బు ఎవరి తప్పూ కాదన్న మాట చెప్పింది. నా వంక చూడకుండా, సరిగ్గా అత్తయ్య వంక చూసి చెప్పింది. అత్తయ్య కొంగు సవరించుకుంది.

"ఇప్పుడు చెప్పండి, మామూలు రోజున మీ ఇంట్ల ఏం జరుగుతది? పొద్దుటి సూది టిఫిన్‌కి ముందు పడాలె. రోజూ ఇంచుమించు అదే టైముకు."

"పొద్దున ఇబ్బందేం లేదండి," అన్నాడు ఆయన. "ఇక నుంచి సుబ్బులు ఇంట్లోనే ఉంటాది. కొట్టు మానేత్తంది."

"ఇక నుంచి ఏందో అడగలే సార్. ఇప్పుడెట్లుందో అడుగుతున్న. ఆమె సంగతి ఆమెను చెప్పనియ్యండి."

చెప్పాను. ఎప్పుడు లేస్తాను, ఏం వండి మూతపెట్టి వెళ్తాను, లారీ దగ్గర ఏం చేస్తాను, తిరిగొచ్చి ఏం చేస్తాను. వరసగా చెబుతుంటే నాకే విడ్డూరంగా అనిపించింది. ఎవరూ ఎప్పుడూ అడగలేదు కదా.

"మరి మీరు మానేస్తే ఆ పని ఎవరు చూస్తరు?" అని అడిగింది సిస్టర్. అందులో తిరకాసేమీ లేదు. ఇంట్లో ఎవరి చేతికి తీరిక ఉందో తెలుసుకుందామని అడిగింది.

"నేనే కదండీ చూసేది," అన్నాడు ఆయన.

అత్తయ్య ముక్కుతో నవ్వింది. "నువ్వు చూసేదేంట్రా! మొన్న నువ్వు దింపించిన సరుకులో సగం చెత్తకుప్పకి పోయిందంట కదా. పైన ఎర్రగా ఉన్నాయని మొత్తం దింపేసుకున్నావంట. హమాలీ ఇంటికొచ్చి చెప్పి మరీ నవ్విపోయాడు."

ఆ సంగతి నాకు చెప్పలేదు. ఆయన మంచం కోడు వంక చూస్తున్నాడు.

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకే?"

"ఎందుకంటావేంట్రా? అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నేనూ సరేనన్నాను గానీ, దాన్ని ఇంట్లో కూర్చోబెడితే ఏడాది తిరక్కుండా కొట్టు మూతే," అంది. నా మీద ప్రేమతో అన్నది కాదు. నా వంక చూడను కూడా చూడలేదు. అయినా ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒకరు ఆ మాట పైకి అనడం అదే మొదలు. నేను దాన్ని కళ్ళకద్దుకుని తీసుకున్నాను. మంచి సరుకు ఎవరి లారీలో వస్తే నాకేం?

సిస్టర్ ఒక బత్తాయి, మందులేని సిరంజి తెచ్చింది. గీత వరకు ఎలా లాగాలో, గాలిబుడగ ఎలా పోగొట్టాలో, సూది ఎలా నిలపాలో చూపించి, నాకిచ్చింది. సూది బత్తాయి తోలులోకి మెత్తగా దిగింది. కాయలతో బతికిన చెయ్యి కదా.

"చెయ్యి మస్తుగుంది మీది," అంది సిస్టర్.

ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా అండీ! తల్లి కదా, దానికొచ్చేత్తాది. ఇంక మేమెందుకు?" అంటూ అప్పుడే జేబులోంచి స్కూటర్ తాళం తీశాడు.

నాకు అక్కడ చిన్న భయం వేసింది. ఏ పనైనా ఒక్కసారి చక్కగా చేస్తే చాలు, మా ఇంట్లో అది జన్మంతా నాదైపోతుంది. ఇడ్లీపిండి అలాగే నాదైంది, మామగారి మలమూత్రాలు అలాగే నావయ్యాయి. చేతులు వణికినట్టు నటించి, సిరంజి కింద పడేసి ఉంటే బాగుండేదా అనిపించింది. మార్కెట్లో అవసరమైతే అంతకంటే ఎక్కువే నటిస్తాను. కానీ రాదని తప్పుకుంటే ఈ పూట గడుస్తుంది, అంతే. రేపు "నేర్చుకోవే" అంటారు. వచ్చి కూడా చెయ్యనంటేనే అది బేరం అవుతుంది. పైగా అక్కడ ఉన్నది నా కూతురు. దాని ముందు రాదని అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నాకు వచ్చు సిస్టర్," అన్నాను. "రాత్రి సూది నేను వేస్తాను. పొద్దుటిది మాత్రం ఆయనది. లారీ దగ్గరికి నేను వెళ్తాను. పిల్లకి సూది వేసి, టిఫిన్ పెట్టి, స్కూల్లో దింపి ఆయన కొట్టుకొస్తారు."

కిటికీ అవతల స్టేషన్లో ఏదో రైలు కూత పెట్టింది.

"మగాడి చేత సూది పట్టిస్తావా?" అంది అత్తయ్య.

"కాంపౌండర్లు ఆడవాళ్ళా అత్తయ్యా?"

పావని కిసుక్కున నవ్వింది. అత్తయ్య కూడా నవ్వు ఆపుకుని, "పోనీ నేను వేస్తాలే," అంది. సిస్టర్ సిరంజి ఆమె కళ్ళముందు పెట్టి, "నానమ్మా, ఏ గీతనో చెప్పండి," అంది. అత్తయ్య దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, తిరిగిచ్చేసింది. నా మనసు తేలికపడింది. నా నెత్తి మీద బరువు ఆవిడ నెత్తికి మారడం లాభమని నేను అనుకోను.

"సుబ్బులూ," అన్నాడు ఆయన చిన్నగా, "నాకు భయమే."

ఆయన నాతో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. జాలేసింది. జాలిపడి చేజార్చుకున్నవి చాలా ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను.

"భయం ఉంటది సార్," అంది సిస్టర్. "అందుకే ముందు మీకు మీరు వేసుకోండి. మందు లేదు, కొత్త సూదే. ఎంత తక్లీఫ్ అయితదో మీకే తెలుస్తది."

ఆయన చొక్కా పైకెత్తి, బొజ్జ పట్టుకుని, చెమటలు కక్కుతూ గుచ్చుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, "అయిపోయిందా? ఇంతేనా?" అన్నాడు. పక్కమంచాల వాళ్ళు కూడా నవ్వారు. తర్వాత ఇన్సులిన్ సీసా అరచేతుల మధ్య దొర్లించాడు, ఇంకో కొత్త సిరంజితో గీత చూసి మందు లాగాడు. రెండుసార్లు ఎక్కువ లాగి, రెండుసార్లు దించాడు. సిస్టర్ చూసి సరేనని, ఈ పూట సూది ఆయన్నే వెయ్యమంది. పిల్ల చిరుచెమటలు పట్టి వణికితే ఏం చెయ్యాలో అడిగితే, "చక్కెర, వెంటనే," అని చెప్పాడు. ఎప్పుడు విన్నాడో, శ్రద్ధగానే విన్నాడు.

పావని గౌను తొడ మీదికి తనే జరుపుకుంది. ఆయన సూది దగ్గరికి తెచ్చాడు. తెచ్చి ఆగిపోయాడు. నా చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. వెనక్కి లాగి, మంచం పట్టీ పట్టుకున్నాను. అత్తయ్య నా వంక చూసింది, సిస్టర్ చూసింది. నేను కదల్లేదు.

ఆయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"నాన్నా," అంది నా కూతురు, "కళ్ళు తెరిచి పొడువు."

తెరిచాడు.