పక్క గది న్యూట్రల్

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పాతికేళ్ళుగా కట్టే ఇళ్ళకు వైరింగు చేస్తున్నాను, నా చేతి కింద పనిచేసినవాళ్ళలో నా తిట్లు తినని మనిషి లేడు. మా బావమరిది ఒక్కడే ఎదురు చెప్పేవాడు.

"ఇంటి నిండా బ్రేకర్లు బిగిస్తావు కదా బావా, నీ నోటికి కూడా ఒకటి పెట్టుకోరాదూ" అనేవాడు.

మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరు పిల్లల తండ్రి. పనిలో నాకంటే పద్ధతిగలవాడు.

ఆ రోజు నాలుగో అంతస్తు హాల్లో అదనంగా ఒక ఫ్యాను పాయింటు తీయాలి. బావమరిది మెట్ల దగ్గరి బోర్డుకు వెళ్ళి హాలు బ్రేకరు దించి వచ్చాడు. నిచ్చెనెక్కి సీలింగు బాక్సు మూత తీశాడు. ప్రతి జాయింటుకూ టెస్టరు ఆనించి చూశాడు. ఎక్కడా వెలగలేదు. నేను కిటికీ పక్కన స్విచ్ పెట్టె బిగిస్తూ చూస్తూనే ఉన్నాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ తీగ జాయింటు మీది టేపు ఒలిచి, మెలి విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో విడదీశాడు.

అరవలేదు. గొంతులోంచి గురక లాంటిది వచ్చింది. వేళ్ళు తీగల మీద బిగుసుకుపోయాయి, ఒళ్ళంతా నిచ్చెన మీద కొట్టుకుంది. ముట్టుకుంటే నేనూ అతుక్కుంటాను, అందుకని నిచ్చెనను కాలితో తన్నాను. తీగలు ఊడాయి. అతను వెనక్కి పడ్డాడు. తల గడప రాయికి తగిలింది. ఆ చప్పుడు నేను చచ్చేదాకా మరిచిపోను.

అప్పుడే పక్క గది గుమ్మంలోకి టైల్సు మేస్త్రీ వచ్చాడు. చేతిలో రాయి కోసే మెషీను ఉంది.

"కరెంటు పోయిందేంటి మేస్త్రీ?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటతోనే నాకు సంగతి తెలిసిపోవాల్సింది. పాతికేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో, తెలియలేదు.

రెండు రోజుల క్రితం మేము దించిన బ్రేకరును వీడు తన మెషీను కోసం ఎత్తేశాడు. ఇంకోసారి బోర్డు జోలికొస్తే చెయ్యి విరగ్గొడతానని అందరి ముందూ అన్నాను. ఇప్పుడు వీడే మళ్ళీ ఎత్తాడని నాకు అనిపించింది. కాదు, అనుమానం కూడా కలగలేదు, తెలిసిపోయినట్టే ఉంది. చప్పుడు విని మా పనివాళ్ళంతా వచ్చిపడ్డారు. వాళ్ళలో ముగ్గురు బావమరిదిని ఎత్తుకుని కిందికి పరుగెత్తారు. నేను గోడ వారనున్న ఇనప పైపు అందుకున్నాను.

"నేను బోర్డు ముట్టుకోలేదు మేస్త్రీ. ఒట్టు" అంటూ వాడు కుడి చెయ్యి అడ్డం పెట్టాడు.

మొదటి దెబ్బ నాదే. ముంజేతి ఎముక విరిగిన సంగతి పైపులోంచి నా అరచేతికి తెలిసింది. తెలిసినా ఇంకో రెండు వేశాను. ఆ రెండూ వేస్తున్నప్పుడు నాకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. మిగతా నలుగురు చెక్క ముక్కలూ, పైపు ముక్కలూ పట్టుకుని మీద పడ్డారు. పళ్ళు రాలాయి. కొత్తగా పరిచిన తెల్ల రాళ్ళ మీద, వాడే పరిచిన రాళ్ళ మీద, రక్తం చారలు కట్టింది. సైటు ఇంజనీరు తన గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

మా పొడుగోడి ఫోను మోగింది. విని, నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దారిలోనే పోయాడంటన్నా."

ఎవరు ముందు అన్నారో తెలియదు, "పడేద్దాం వీణ్ణి" అన్నారు. బాల్కనీకి ఇంకా రెయిలింగు పెట్టలేదు. కాళ్ళు పట్టుకుని ఈడ్చడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు. వాడు ఎత్తిన బ్రేకరును నా కళ్ళతో చూసి, వాడికి చూపించి, తర్వాత పడేయాలని బోర్డు దగ్గరికి వెళ్ళాను.

హాలు బ్రేకరు దించే ఉంది.

పోయిన వారం పక్క గదికి తీగలు లాగుతుంటే న్యూట్రల్ గొట్టంలో సిమెంటు గడ్డకట్టి తీగ కదల్లేదు. గోడ మళ్ళీ పగలగొట్టడానికి బద్ధకమేసి, హాలు బాక్సులోంచే పక్క గదికి న్యూట్రల్ ఇచ్చేశాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. హాలు బ్రేకరు దించినా పక్క గదిలో మెషీను తిరుగుతుంటే, దాని కరెంటు ఆ జాయింటు మీదుగానే వెనక్కి పోతుంది. జాయింటు కలిసి ఉన్నంతసేపూ టెస్టరు వెలగదు. విప్పినవాడి చేతులే దారి అవుతాయి. జాయింటు ఊడింది కాబట్టే మెషీను ఆగింది.

నా వేలు హాలు బ్రేకరు మీద ఉంది. పైకి ఒక్క తోపు తోస్తే చాలు. వాడే ఎత్తాడని అందరూ చూస్తారు. మా ఆవిడ ముఖం చూడగలుగుతాను. తోద్దామనే వేలు పెట్టాను. వెనకాల టైల్సు మేస్త్రీ "అమ్మా, అమ్మా" అంటున్నాడు, చిన్నపిల్లాడిలా.

వేలు తీసేసి పరుగెత్తాను. వాడి నడుము అప్పటికే అంచు దాటింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"వీడు కాదురా. నేను. నేనే చంపాను."

"పక్కకు తప్పుకో అన్నా. వాడి మీద జాలేంటి నీకు?" అని పొడుగోడు నన్ను తోసేశాడు. నా గుండెల మీద మోకాలు పెట్టి ఒకడు కూర్చున్నాడు. బావమరిది పోయిన దుఃఖంలో మతి పోయిందనుకున్నారు.

"బోర్డు చూడండి. టెస్టు ల్యాంపు తీసుకుని బాక్సు దగ్గరికి పదండి. అది వెలక్కపోతే ఇద్దర్నీ కలిపి తోసెయ్యండి" అన్నాను.

పొడుగోడు బోర్డు చూసి వచ్చాడు. నా మీద కూర్చున్నవాణ్ణి లేపాడు. నిచ్చెన నిలబెట్టి, హోల్డరుకు బిగించిన బల్బు తీగలను నా చేతులతో ఆ రెండు కొసలకూ తగిలించాను. పక్క గదిలో మెషీను స్విచ్చి వెయ్యమన్నాను.

బల్బు భగ్గున వెలిగింది.

అందరూ దాన్నే చూశారు. వైరింగు తెలిసినవాళ్ళే అందరూ, ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. నేను నిచ్చెన దిగి నిలబడ్డాను. ఇక నా వంతు అనుకున్నాను. నిజంగా కోరుకున్నాను. ఒక్కడూ చెయ్యెత్తలేదు. పొడుగోడు చేతిలోని పైపును చప్పుడు కాకుండా గోడకు ఆనించాడు. ఇంకొకడు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నేను వాళ్ళ మేస్త్రీని. కొట్టడానికి వాడు పరాయివాడు, నేను కాదు.

"పొరపాటు అయిపోయింది, ఏం చేస్తాం" అన్నాడు ఎవరో మెల్లగా.

ఇనప పైపు తీసుకుని టైల్సు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాడు గోడకు జారగిలబడి ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పైపు వాడి ముందు పెట్టాను.

"కొట్టు. నీ కసి తీరేదాకా కొట్టు. ఎవరూ అడ్డం రారు."

వాడు పైపు వైపు చూశాడు. తర్వాత ఒళ్ళో పడి ఉన్న తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. అది మోచేతి కింద మరో చోట వంగి ఉంది.

"ఏ చేత్తో కొట్టమంటారు మేస్త్రీ?" అన్నాడు.