రెండో కుర్చీ

వేడెక్కిన పెనం మీద పాతగుడ్డ మడతను అదిమి, ఆ వెచ్చదనం ఆరకముందే గౌరీశ్వరి కూతురి మోకాళ్లకు చేర్చింది. సీతాలు ఏడవలేదు. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించి గోడవైపు తిరగడం ఆ చిన్నపిల్ల ఎప్పుడో నేర్చుకుంది.

“మల్లీ మొదలైందేటి? మా వంశంలో నేదమ్మా ఇలాటి రోగం. నీ పుట్టింటి రత్తమే అది,” అంది అత్త ఆదిలక్ష్మమ్మ వాకిట్లోంచి. “డూటీకెల్లే ముందు ఆ సేపలు తోమేసి ఎల్లు. ఒక మగపిల్లోణ్ణి కన్నావంటే ఈ దిగులంతా పోద్ది.”

ఆదిలక్ష్మమ్మ గౌరీశ్వరికి అత్తగారే కాదు, మేనత్త కూడా, తండ్రికి తోబుట్టువు. సబ్బవరంలో ఆ తోబుట్టువులిద్దరూ పుట్టింది ఒకే ఇంట్లో. బయటిపిల్ల ఎందుకని మేనరికం కలిపినవాళ్లే, బిడ్డకు జబ్బు చేసిన రోజున ఆమెను బయటిదాన్ని చేశారు. సీతాలు ముక్కు తండ్రిదట, చురుకు తాతదట. నొప్పి మాత్రం తల్లిది. భర్త సన్యాసిరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. చెడ్డవాడు కాడు. “నర్సువి గదా, నీకు తెల్దేటి? నువ్వే సూసుకో,” అంటాడు. అది నమ్మకమని ఆమె చాలాకాలం మురిసింది. బరువుకు నమ్మకమని పేరు పెట్టినంత మాత్రాన అది తేలికవుతుందా? ఆ ప్రశ్న ఈమధ్యనే ఆమెలో మొలిచింది.

ఆ ఏడు, పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవిలో, ఆమె పనిచేసే ఆసుపత్రిలో నర్సులకు ఒక శిక్షణ పెట్టారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బులను గుర్తించడం, గుర్తించిన సంగతిని ఆ కుటుంబానికి చెప్పడం. నేర్పేది డాక్టర్ చాంద్ సుల్తానా, పాతపట్నం మనిషి. సూది ముందు తన వేలికే గుచ్చుకుని, ఆ తరువాతే నర్సుల చేతులు అడిగింది. ‘లోపం’ అన్న మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు. ‘మార్పు’ అని మాత్రమే అనేది.

“ఎర్రకణాలు కొడవలిలా వంగి కీళ్లనొప్పులు తెచ్చే ఈ సికిల్ సెల్‌లో తల్లిది ఒక పాలు, తండ్రిది ఒక పాలు. ఒక్కరి నుంచే మార్పు వస్తే బిడ్డ మనలాగే తిరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు,” అంది.

ఆ మాట విన్న మర్నాడే గౌరీశ్వరి కూతురిని తీసుకువచ్చి పరీక్షకు రక్తం ఇప్పించింది.

తరువాత అభ్యాసం. తోటి నర్సు దేముడమ్మ తల్లిగా నటించాలి, గౌరీశ్వరి ఫలితం చెప్పాలి. గౌరీశ్వరి ఎదుటి కుర్చీలోని ‘తల్లి’ చేయి పట్టుకుంది. “కంగారు పడకమ్మా. ఇంటికెళ్లి మీ ఆయనకీ, అత్తగారికీ నెమ్మదిగా నచ్చజెప్పుకో,” అంది. అందరూ మెచ్చుకున్నారు.

“చాలా మృదువుగా చెప్పావు సిస్టర్,” అంది డాక్టర్. “ఆయనేడి?”

“నా మొగుడా డాక్టరమ్మా? పేకాటలో ఉన్నాడు!” అంది దేముడమ్మ. గది గొల్లుమంది. డాక్టరూ నవ్వింది. నవ్వుతూనే గోడ దగ్గరి కుర్చీని తనే మోసుకొచ్చి దేముడమ్మ పక్కన వేసింది.

“తల్లి ఒక్కదానికే చెబితే మీరు సంగతి చెప్పినట్టు కాదు. ఆమెకు ఇంకో పని అప్పగించినట్టు.”

“రానంటేనో?” అని ఎవరో అడిగారు.

“మళ్లీ పిలుస్తాం. ఒకాయన ఎంతకీ రాకపోతే నేనే బస్సెక్కి వెళ్లాను. పొలం గట్టు మీద కూర్చుని చెప్పాను. విన్నాడు. ఎద్దుల్ని విప్పేసి, భార్య దగ్గరికి నడిచాడు.”

గొప్ప చెప్పుకునే ఛాయ ఆ గొంతులో లేదు. తెలిసినదాన్ని మోయడం వేరు, పంచడం వేరు; ఆ తేడా కోసం ఈమె బురదగట్ల మీద నడిచిందని గౌరీశ్వరికి అర్థమైంది. తను ఇన్నేళ్లూ ఎందరో తల్లుల చేతుల్లో ఓదార్పుతోపాటు ఒక మూటను కూడా పెట్టి పంపిందని కూడా.

శిక్షణ ముగిసే రోజున డాక్టర్ ఆమెను పక్కకు పిలిచింది. “పాప ఫలితం వచ్చింది. మీ ఇద్దరికీ కలిపే చెబుతాను. ఆయన రక్తం కూడా చూడాలి. ఇంకో బిడ్డ సంగతి ఆ తరవాత మీరిద్దరూ ఆలోచించుకోవచ్చు.”

ఆ సాయంత్రం సన్యాసిరాజు కాళ్లు కడుక్కుని వచ్చాక, రేపు ఇద్దరినీ ఆసుపత్రికి రమ్మన్నారనీ, అతని రక్తమూ చూస్తారనీ గౌరీశ్వరి చెప్పింది.

“మగోడికి పరీచ్చలేటే?” అంది ఆదిలక్ష్మమ్మ. “ఊరు నవ్విపోద్ది.”

సన్యాసిరాజు తల్లివైపు చూశాడు, తరువాత నిద్రపోతున్న కూతురివైపు. “నానెందుకే అక్కడికి? నువ్వెల్లి కనుక్కొచ్చి నాకు సెప్పు. అయినా ఆ జబ్బేటో నీకు తెల్దేటి?”

“తెలుసు బావా,” అంది గౌరీశ్వరి. “అయినా నాను సెప్పను. రేపు నువ్వొచ్చి ఇను.”